దారిన పోయేవాడు ముద్దాయి కాడు

శేరిలింగంపల్లి మండలంలోని గచ్చిబౌలిలో, సైబరాబాద్ పోలీసు కమిషనరేట్‌లో 2020 నవంబరులో ప్రజాభద్రతా సమన్వయ కేంద్రం ప్రారంభమైంది. నగరంలోని వేలాది సీసీ కెమెరాల దృశ్యాలను ఒక్కచోట కూర్చుని చూసే ఏర్పాటు అది. ఐటీ సంస్థల అద్దాల మేడల నడుమ ఈ నిఘాకు భద్రత అని పేరు. పాతబస్తీ గల్లీల్లో దీనినే అనుమానమంటారు.

2021 మే నెలలో, లాక్‌డౌన్ వేళ, పాతబస్తీలో సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్‌ను పోలీసులు ఆపి మాస్కు తీయమన్నారు. ఆయన నిరాకరించారు. అయినా ఫోటో తీసుకున్నారు. దానిని ఎందుకు తీశారు, దేనితో పోల్చుతారు, ఎన్నాళ్లు దాచుతారు? తెలంగాణ పోలీసుల ‘టీఎస్ కాప్’ యాప్‌లో ముఖ గుర్తింపు సదుపాయం 2018 నుంచే ఉంది కనుక ఇవి ఊహాజనిత భయాలు కావు. మసూద్ హైకోర్టును ఆశ్రయించగా, 2022 జనవరిలో ప్రభుత్వానికి నోటీసు జారీ అయింది.

తప్పు చేయనివాడికి భయమెందుకని కొందరు ప్రశ్నిస్తారు. 2007 మక్కా మసీదు పేలుడు తరువాత అనుమానంతో పట్టుకెళ్లిన మన యువకులు ఏ తప్పు చేశారు? నిర్దోషులుగా బయటపడేలోగా చదువులు, కొలువులు చేజారాయి. ఇప్పుడు ఆ అనుమానాన్ని యంత్రానికి అప్పగిస్తున్నారు. తప్పిపోయిన పిల్లల గాలింపులో తమ ముఖ గుర్తింపు వ్యవస్థ కచ్చితత్వం 2 శాతమేనని 2018లో ఢిల్లీ పోలీసులే హైకోర్టుకు విన్నవించారు.

గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పునిచ్చింది. దానికి పరిమితి విధించాలంటే చట్టం ఉండాలి, న్యాయమైన ప్రయోజనం ఉండాలి, చర్య ఆ ప్రయోజనానికి మించకూడదు. 2022 నాటి నేర గుర్తింపు చట్టం ప్రధానంగా శిక్ష పడినవారికి, అరెస్టయినవారికి, ముందస్తు నిర్బంధంలోనివారికి వర్తిస్తుంది. మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా బాటసారి ముఖాన్ని బంధించే అధికారం అందులో ఎక్కడుంది? 2023 నాటి వ్యక్తిగత డేటా చట్టమో, ప్రభుత్వ సంస్థలను మినహాయించే వెసులుబాటును కేంద్రానికే ఇచ్చింది. కాపలాదారుపై కాపలా లేదు.

నేరాన్ని పట్టుకోవద్దని మనం అనడం లేదు. ముఖ గుర్తింపును నియంత్రించే చట్టం వచ్చేదాకా దాని వినియోగాన్ని నిలిపివేయాలి. కేసు లేనివారి ఫోటోలను చెరిపివేయాలి. దారిలో ఎవరైనా మీ పిల్లల ఫోటో తీస్తే, ఏ చట్టం కింద తీస్తున్నారని మర్యాదగా అడగమనండి. తేదీ, స్థలం, పోలీసుస్టేషను పేరు రాసిపెట్టండి. సమాచార హక్కు కింద దరఖాస్తు చేయండి. మౌనాన్ని అంగీకారంగా లెక్కవేసుకునే అవకాశం వారికి ఇవ్వకండి.