గేటు మాయం చేయడమూ చదువే

కంప్యూటర్ గేమ్ అనగానే పెద్దలకు కోపం వస్తుంది. అందులో న్యాయం లేకపోలేదు. స్టడీ అవర్ ఎగ్గొట్టి ఆడేవాళ్లను మేమూ సమర్థించం. కానీ గేమ్ ఆడటం వేరు, తయారుచేయడం వేరు. ఈ తేడా చూడకుండా మన కంప్యూటర్ గదిలో గేమ్స్ అన్నీ తీసేయాలన్న మాట వినిపిస్తోంది గనుక ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాం.

1999లో వచ్చిన ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2’నే తీసుకుందాం. కోటలు, సైన్యాల ఆట. అందులోనే ‘సినారియో ఎడిటర్’ ఉంది. దాన్ని తెరిచి చూసినవాళ్లు మనలో తక్కువ. మ్యాప్ మనమే గీసుకోవచ్చు, కథ మనమే నడపవచ్చు. నడిపేవి ట్రిగ్గర్లు. ట్రిగ్గర్‌లో పెట్టిన కండిషన్లన్నీ నిజమైతేనే ఎఫెక్టు జరుగుతుంది.

మన రాజు శత్రువు కోట గేటు దగ్గరికి రావాలి, మన ఖజానాలో 500 బంగారం ఉండాలి, అప్పుడు గేటు మాయం కావాలి. చెప్పడానికి ఒక్క వాక్యమే. చేయబోతే తెలుస్తుంది! ‘కిల్ ఆబ్జెక్ట్’ పెడితే గేటు కూలి శిథిలాలు మిగులుతాయి. ‘రిమూవ్ ఆబ్జెక్ట్’ పెడితే ఆనవాలు కూడా ఉండదు. బంగారం ఉందో లేదో చూడటమే కండిషన్ పని, తీసుకోవడం కాదు. గేటు పోతుంది, 500 మన దగ్గరే ఉంటాయి. కిరాణా కొట్లో డబ్బు చూపించి, ఇవ్వకుండా సరుకు తెచ్చుకున్నట్టు! వసూలు చేయాలంటే ‘ట్రిబ్యూట్’ ఎఫెక్టు విడిగా పెట్టాలి. గేటు ఒక్కదాన్నే ఎంచుకోకుండా ఆ చోటంతా గీస్తే శత్రువు గోడలు, సైనికులు కూడా మాయమవుతారు. అసలు కండిషనే పెట్టకపోతే ఆట మొదలవగానే గేటు ఉండదు.

మనసులో అనుకున్నది కంప్యూటర్ చేయదు, చెప్పింది మాత్రమే చేస్తుంది. ఇంజనీరింగ్‌లో ప్రోగ్రామింగ్ అంటూ చెప్పేదానికి మొదలు ఇదే. ఇంట్లో కంప్యూటర్ ఉన్న పిల్లలు ఇలాంటివి ఆడుతూ పాడుతూ నేర్చుకొని కాలేజీకి వస్తారు. మన అన్నలు, అక్కలు చాలామంది అక్కడికి వెళ్లాకే మౌస్ పట్టుకున్నారు. ఆ దూరం తగ్గించే అవకాశం మన గదిలోనే ఉంటే దాన్ని తీసేయమనడం ఏం న్యాయం? ఫోన్ ఉందిగా అంటారు. ఈ ఎడిటర్ ఫోన్‌లో లేదు.

ఈ గేమ్ వద్దనుకుంటే ఎం.ఐ.టి. వాళ్లు 2007లో విడుదల చేసిన ‘స్క్రాచ్’ ఉంది, అది ఉచితం. అందులోనూ బొమ్మను దాచడం వేరు, తొలగించడం వేరు.

మేము అడిగేది ఆదివారం రెండు గంటలు, అదీ ఎడిటర్‌కే. తాళంచెవి వార్డెన్ సార్ దగ్గరే ఉండనివ్వండి. నెలకొకసారి మేము చేసిన మ్యాప్ జూనియర్ల ముందు నడిపి చూపిస్తాం. నడవకపోతే ఆ రెండు గంటలు మానేస్తాం. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న పూర్వ విద్యార్థులు డబ్బు పంపకపోయినా ఫరవాలేదు, ఒక్క ఆదివారం వచ్చి మా పక్కన కూర్చుంటే చాలు.