ఒంటి గురించిన బెంగ.. దాంపత్యానికి దెబ్బ

హైదరాబాద్‌లో ఎస్.ఆర్. నగర్ మెట్రో దిగి అమీర్‌పేట వైపు నడిస్తే హాస్టళ్ల బోర్డుల పక్కనే జుట్టు మొలిపించే క్లినిక్‌లు, బరువు తగ్గించే సెంటర్లు, జిమ్‌లు కనిపిస్తాయి. కోర్సు, ఉద్యోగం, ఆ వెంటనే పెళ్లిచూపులు. ఇక్కడి కుర్రకారులో చాలామందిది అదే వయసు. అమ్మాయి లావు, నలుపు అంటారు. అబ్బాయి పొట్టి, బట్టతల అంటారు. పెళ్లయినా ఆ మాటలు వదలవు.

లైటు ఆర్పితే తప్ప దగ్గరికి రాని భార్య, చొక్కా విప్పడానికి వెనకాడే భర్త. కాన్పు తర్వాత పొట్ట మీద చారలు కనపడతాయని ఆమె అటు తిరిగి పడుకుంటే, తనంటే ఇష్టం లేదేమోనని అతను కుమిలిపోతాడు. అసలు సంగతి ఇద్దరూ నోరు విప్పి చెప్పుకోరు.

పడకలో మనసు ఇలా తన ఒంటి మీదికే మళ్లడాన్ని అమెరికా పరిశోధకులు మాస్టర్స్, జాన్సన్ 1970లోనే వివరించారు. కలయిక వేళ మనిషి స్పర్శను వదిలేసి, ప్రేక్షకుడిలా తనను తానే గమనించుకుంటాడు. ధ్యాస అటు మళ్లితే మగవాడికి స్తంభన సడలుతుంది, స్త్రీకి తృప్తి అందదు. ఒకసారి అలా జరిగితే మరుసటి రాత్రికి భయం ముందే వచ్చి కూర్చుంటుంది. మగవాళ్లు ఈ బెంగను మరీ దాచుకుంటారు. అంగం చిన్నదని దిగులుపడే వాళ్లలో అత్యధికులకు లోపమేమీ ఉండదు. డాక్టర్ సమరం పత్రికల్లో ఏళ్ల తరబడి లైంగిక సందేహాలు తీర్చినా ఆ దిగులు పోలేదు.

బెంగ ముదిరితే కత్తి దాకా వెళ్తుంది. నటి ఆర్తీ అగర్వాల్ లైపోసక్షన్ చేయించుకున్న కొన్ని వారాలకే, 2015 జూన్‌లో, 31 ఏళ్లకు కన్నుమూశారు. 2016లో హైదరాబాద్ యువకుడొకరు ఎత్తు పెరగాలని, ఇంట్లో చెప్పకుండా కాళ్ల ఎముకలకు ఆపరేషన్ చేయించుకున్నాడు.

ఈ బెంగతో వ్యాపారం చేసే ప్రకటనల సంగతీ చూడాలి. లైంగిక సామర్థ్యం, స్తనాల ఆకృతి, ఎత్తు, ఊబకాయం పేరిట మందుల ప్రకటనలను 1954 నాటి చట్టం ఒకటి నిషేధించింది. అది మందులకు, తాయెత్తులకే పరిమితం. సర్జరీల ప్రకటనలనూ దాని కిందికి తేవాలి.

స్తంభన సమస్యకు షుగరు, బీపీ లాంటి కారణాలున్నాయేమో ముందు డాక్టరుకు చూపించుకోవాలి. అవి లేవంటే కావలసింది కౌన్సెలింగ్, అదీ ఇద్దరికీ కలిపి. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ఎస్.ఆర్. నగర్‌కు రెండు స్టేషన్ల దూరమే. ఆ పేరును తిట్టుగా మార్చేశాం కనుక గడప తొక్కడానికి జంకుతారు. వాళ్లకు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడొచ్చు, పైసా ఖర్చు లేదు. ఆ నంబరును ప్రతి హాస్టల్ నోటీసు బోర్డు మీదా అంటించే పని జీహెచ్‌ఎంసీ ఈ వీధుల నుంచే మొదలుపెట్టాలి.