ఏరు ఒక్కటే... చట్టాలు రెండు!

నవంబరులో మొదటి మంగళవారం. మెల్‌బోర్న్ కప్ గుర్రప్పందెం జరిగే రోజు. వొడోంగాలో ఆరోజు సెలవు. వంతెన దాటి పది నిమిషాలు కారులో వెళితే ఆల్బరీ. అక్కడ మాత్రం మామూలు పనిదినమే! ఒకే ఇంట్లో భార్యకు సెలవుండి భర్త ఆఫీసుకు పరుగెత్తడం ఆ జంట ఊళ్లలో వింతేం కాదు.

ఆస్ట్రేలియాలో సిడ్నీ నుంచి మెల్‌బోర్న్ వెళ్లే దారిలో, ముర్రే నదికి చెరో ఒడ్డునా ఉన్నాయి ఈ రెండూ. ఉత్తరాన ఉన్న ఆల్బరీ న్యూసౌత్‌వేల్స్ రాష్ట్రానిది, దక్షిణాన ఉన్న వొడోంగా విక్టోరియాది. కాపురం ఒక ఒడ్డున, కొలువు ఇంకో ఒడ్డున ఉన్నవాళ్లు వేలల్లో. 1851లో విక్టోరియా విడిపోయినప్పుడు ఏటినే సరిహద్దు చేశారు. తమాషా ఏమిటంటే, ఆ గీత నది మధ్యలో లేదు... దక్షిణపు గట్టుమీద ఉంది. అంటే నీళ్లన్నీ న్యూసౌత్‌వేల్స్‌వే! వొడోంగా గట్టున కూర్చుని ముర్రేలో గాలం వేయాలన్నా అవతలి రాష్ట్రం లైసెన్సు ఉండాల్సిందే.

రైళ్ల కథ ఇంకా విచిత్రం. మొదట రెండు రాష్ట్రాలూ 1600 మిల్లీమీటర్ల పట్టాలే వేద్దామనుకున్నాయి. ఇంతలో న్యూసౌత్‌వేల్స్‌లో ఒక ఇంజినీరు వెళ్లిపోయి మరొకరు వచ్చారు. కొత్తాయన 1435 మిల్లీమీటర్లే మేలన్నారు. అప్పటికే విక్టోరియా పెట్టెలకూ ఇంజిన్లకూ ఆర్డరిచ్చేసింది. ఇంకేం, ఎవరి పట్టాలు వారివే! విక్టోరియా రైలు 1873లో వొడోంగా చేరింది. అటునుంచి 1881లో ఆల్బరీకి రైలొచ్చింది. 1883లో ఏటిమీద వంతెన కట్టి కలిపినా, రైలు మారక తప్పలేదు. అర్ధరాత్రయినా సరే మూటాముల్లె దించుకోవాల్సిందే. మీటర్‌గేజి రోజులు చూసిన మన పెద్దలకు ఆ అవస్థ వేరే చెప్పాలా! అందుకే ఆల్బరీ స్టేషన్లో ప్లాట్‌ఫామ్ నాలుగు వందల మీటర్లు దాటి ఉంటుంది. 1895లో అటు వెళ్లిన అమెరికన్ రచయిత మార్క్ ట్వేన్, ఈ వింతను తన యాత్రాగ్రంథంలో తెగ వెక్కిరించాడు. రెండో ప్రపంచయుద్ధంలో సైన్యం సరుకంతా ఇక్కడ చేతులతో దించి ఎక్కించాల్సి వచ్చింది. సిడ్నీ నుంచి మెల్‌బోర్న్‌దాకా ఒకే వెడల్పు పట్టాలు పడింది 1962లో!

ఆ ఊళ్లకు జనం కూడా ఒక్కచోటినుంచి రాలేదు. యుద్ధం తర్వాత ఐరోపా నుంచి వలసొచ్చినవారికోసం వొడోంగా పక్కన బోనిగిల్లాలో శిబిరం పెట్టారు. 1947 నుంచి 1971 వరకు మూడు లక్షలమందికి పైగా అక్కడ దిగారు. ఈ శతాబ్దంలో భూటాన్ నుంచి వెళ్లగొట్టిన నేపాలీలు వచ్చి స్థిరపడ్డారు. 1973లో ప్రధాని విట్లమ్ ప్రభుత్వం రెండు రాష్ట్రాలతో కలిసి, 2000 నాటికి ఇక్కడ మూడు లక్షల జనాభాతో మహానగరం లేపాలనుకుంది. అయింది మాత్రం లక్ష దగ్గరే. కాగితంమీద ఊళ్లు కట్టడం తేలికే కదా!

అయినా ఫ్యాక్టరీలు వచ్చాయి. వొడోంగాలో 1967 నుంచీ కుక్కలకూ పిల్లులకూ తిండి తయారవుతోంది. పెడిగ్రీ డబ్బాలమ్మే మార్స్ సంస్థదే అది. మన సిద్దిపేట జిల్లాలోనూ దానికి ఫ్యాక్టరీ ఉంది. ఆల్బరీ శివార్లలో 1981లో న్యూస్‌ప్రింట్ మిల్లు మొదలైంది. పైన్ కలపతో ఏడాదికి రెండున్నర లక్షల టన్నులకు పైగా పత్రికల కాగితం తీసేది. పత్రికలు కొనేవాళ్లు తగ్గారు, కాగితానికి గిరాకీ పడిపోయింది. 2019 డిసెంబరులో మిల్లు మూతపడి, వందమందికి పైగా ఉపాధి పోయింది.

ఆ దెబ్బనుంచి తేరుకోకముందే 2020 జులై 8న సరిహద్దే మూసేశారు. 1919 నాటి ఫ్లూ తర్వాత అలా చేయడం అదే మొదటిసారి. విక్టోరియాలో కరోనా పెరిగిందని వంతెనలమీద పోలీసులు, సైనికులు కాపు కాశారు. నర్సులు, మాస్టార్లు, దుకాణాల్లో పనిచేసేవాళ్లు... అందరికీ పర్మిట్లు కావాలి. రోజూ పది నిమిషాల్లో దాటే ఏటికి గంటలు పట్టింది. అవతలి ఒడ్డున ఉన్న అమ్మానాన్నలను చూడాలన్నా నిబంధనలే. నవంబరు 23న దారి తెరుచుకునేదాకా నాలుగున్నర నెలలు అదే తంతు.

ఇంత విడదీతలో కలిసిన ముఖ్యమైన వ్యవస్థ ఒకటుంది, ఆసుపత్రి. 2009 నుంచి రెండు ఊళ్ల ఆసుపత్రులూ ఒకే పాలన కిందికి వచ్చాయి. ప్రసవాల విభాగం వొడోంగాలో ఉంది. కాబట్టి ఆల్బరీ బిడ్డలు అక్కడే పుడతారు, వాళ్ల జనన ధ్రువపత్రం విక్టోరియా ఇస్తుంది! కానీ రెండు భవనాలమధ్య రోగులనూ వైద్యులనూ తిప్పలేక సతమతమవుతున్నామని డాక్టర్లు ఏళ్లుగా మొత్తుకున్నారు. కొత్తచోట ఒకే పెద్ద ఆసుపత్రి కట్టమన్నారు. 2022 అక్టోబరులో రెండు ప్రభుత్వాలూ 55.8 కోట్ల డాలర్లతో ఆల్బరీలో ఉన్న పాతదాన్నే విస్తరిస్తామని ప్రకటించాయి. మేమడిగింది ఇది కాదంటూ అభ్యంతరాలు రెండు ఒడ్లనుంచీ లేచాయి.