వేరు కోరువాడు విత్తు నాటవలెను

పియోనీ యనగానే చీనా చిత్రపటములయందలి బహుదళ పుష్పములు స్ఫురించుట సహజమే గాని, ఆ జాతిలో ఉత్తర అమెరికాకు స్వతస్సిద్ధమైనవి రెండే రెండు కలవనియు, ఆ రెండును ఖండపు పశ్చిమభాగమునకే పరిమితములనియు మనలో నెఱిగినవారు తక్కువ. వాని వేళ్లకు ఔషధములను ఖ్యాతి కలదు. ఆ వేరు కోరువాడు అడవిలో గునపము దింపుటకు ముందు తన నేలలో విత్తు నాటవలెనని నా దృఢాభిప్రాయము.

ఈ రెంటిలో బ్రౌన్ పియోనీని ఆరెగాన్ ప్రాంతపు బ్లూ పర్వతములలో మంచు సమీపమున గాంచినవాడు స్కాట్లండు దేశీయుడగు డేవిడ్ డగ్లస్. వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ బ్రౌన్ పేర నది 1829లో శాస్త్రలోకమున కెక్కినది. మూర మించని యెత్తు, నీలిచాయ గల పత్రములు, పసుపుపచ్చని యంచుతో గోధుమవన్నె కలసిన ముదురెఱుపు రేకులు, నేలచూపుగా వంగిన పూవు గల యీ మొక్క యొద్దకు కందిరీగలును ఈగలును మకరందమునకై వచ్చి పరాగమును జేరవేయును. వేసవి ముదిరినంతనే ఆకులన్నియు నెండి, కండగల వేళ్లు మాత్రము భూగర్భమున ప్రాణము నిలుపుకొనును. దీని సోదరియగు కాలిఫోర్నియా పియోనీ, ఆ రాష్ట్రపు దక్షిణభాగమున శీతకాలపు వానలకు చిగిర్చి, వసంతారంభమునకే పూచి, గ్రీష్మమున నిద్రించును.

నెవాడాలోని పాయూట్, షోషోనీ జనులు బ్రౌన్ పియోనీ వేళ్లను కాచి, ఆ కషాయమును క్షయకును తదితర వ్యాధులకును వాడుచుండిరని 1941లో ప్రకటితమైన ఆ ప్రాంతపు మూలికల గ్రంథము తెలుపుచున్నది. దక్షిణ కాలిఫోర్నియా ఆదివాసులు తమ పియోనీ వేరును అజీర్ణమునకు వాడిరి. ఈ విషయము మనకు మిక్కిలి దూరమైనదియు గాదు. హైదరాబాదున తరతరములుగా వర్ధిల్లిన యూనానీ వైద్యమున ఊద్ సలీబ్ అను మూలిక పియోనీ వేరే, మన హిమాలయములయందును ఆ జాతి మొక్క కలదు. అయినను, ఒక జాతి యనుభవముగా నిలిచిన వాడుకను చదివినంతమాత్రమున ఎవరికి వారు చికిత్సకు పూనుకొనుట తగదు.

ఇక పెంపకమన్ననో, అది ఓర్పునకు పరీక్ష. శరదృతువున నాటిన విత్తు ముందుగా వేరును మాత్రమే దింపును. బీజదళములు మట్టిలోనే యుండిపోవ, శీతకాలపు చలి ననుభవించిన పిదపగాని తొలి యాకు వెలికిరాదు. పూవు పూయుటకు మఱికొన్ని యేండ్లు పట్టును. నీరు నిలువని నేల కావలెను. నిద్రాకాలమున తడి తగిలిన వేరు కుళ్లును. ఒకచోట కుదిరిన మొక్కను పెకలించి వేఱొకచోట నాటిన, తెగిన వేళ్లతో నది కోలుకొనుట దుర్లభము.

ఒకరిద్దఱు త్రవ్వినంతమాత్రమున అడవికి కొఱత యేమని కొందఱనవచ్చును. కాని ఆకును గోసిన మొక్క మరల చిగిర్చును, వేరును దీసిన మొక్క యుండదు. అనేక సంవత్సరములలో పెరిగినదానిని ఒక పూటలో పెకలించువాడు తాను తీసికొన్నది తిరిగి యీయజాలడు. అంతేగాక, ఆ వేరు గుణమును మొదట కనుగొన్న జనులను వారి నేలనుండియే తొలగించిన చరిత్ర యొకటి యున్నది. మిగిలిన వన్యసంపదపై ప్రథమాధికారము వారిదే కావలెను. కావున మూలికలు విక్రయించువారు సాగుచేసిన వేరునే యమ్మవలెను, కొనువారు అది యెచ్చట పెరిగినదో యడుగవలెను. కాలిఫోర్నియాలో స్థిరపడి పెరటితోటలు పెంచు మన తెలుగువారును ఆ నేలకు సహజమైన యీ మొక్కను నర్సరీలో పెంచిన విత్తనమునుండియే పొందవలెను. అడవి మొక్కను అడవికి విడిచిపెట్టి, మన యవసరమును మన శ్రమతో తీర్చుకొనుటయే ఔషధమును గౌరవించు విధానము.