కాదనే హక్కు ఉంటేనే అవునంటారు



మొన్న తొమ్మిదో తరగతిలో అడిగాను: "అణు విద్యుత్ కేంద్రాల వ్యర్థాలను మన ఊరి కింద లోతుగా పాతిపెడతామంటే ఒప్పుకుంటారా?" ఒక్క చెయ్యీ లేవలేదు. మీరైనా అంతేనేమో! కానీ ఆ వ్యర్థాలు వేల ఏళ్లు ప్రమాదకరమే. ఎక్కడో ఒకచోట భద్రంగా దాచాల్సిందే.

అమెరికాలో 1987 చట్టం నెవాడాలోని యక్కా పర్వతాన్ని ఒక్కదాన్నే పరిశీలనకు ఎంచింది. 2002లో ఆ రాష్ట్ర గవర్నర్ వద్దంటే కాంగ్రెస్ తోసిపుచ్చింది. వందల కోట్ల డాలర్లు ఖర్చయినా నిల్వ కేంద్రం రాలేదు.

ఫిన్లాండ్‌లో స్థానిక మునిసిపాలిటీ వద్దంటే ప్రాజెక్టు ఆగిపోతుంది. అయినా యూరయోకి కౌన్సిల్ 2000లో సరేనంది. అక్కడ అప్పటికే అణు విద్యుత్ కేంద్రం ఉంది, పన్నుల ఆదాయమూ ఉంది, నిజమే. కానీ కాదనే హక్కు చేతిలో ఉండబట్టే ధైర్యంగా అవునన్నారని నా అభిప్రాయం. ఇప్పుడు అక్కడ 400 మీటర్లకు పైగా లోతున, రాతిలో సొరంగాలు తవ్వారు.

భయపడేవాళ్లకు సైన్స్ తెలియదని తీసిపారేయకండి. రాత్రి భోజనాల దగ్గర మీ పిల్లల్ని ఇదే ప్రశ్న అడగండి. జవాబు మీరు చెప్పేయకండి. "ఒప్పుకోవాలంటే నీకు ఏమేం తెలియాలి?" అనండి. రేపు చెయ్యి ఎత్తాలో వద్దో తేల్చుకోవాల్సింది వాళ్లే.

– క్లాస్ టీచర్, తొమ్మిదో తరగతి