గింజకున్న పరీక్ష మనిషికేదీ?

శింగనమల చేలల్లో వేరుశనగ కాయ ఊరే వేళకు వాన మొహం చాటేయడం కొత్త కాదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూఇటూగా కురిసే అనంతపురం జిల్లా ఇది. బెట్టకు నేల కాగినప్పుడు ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు కాయలోకి దిగి గింజలో విషం నింపుతుంది. ఆ విషం, అఫ్లాటాక్సిన్ బి1, కాలేయ క్యాన్సర్ తెచ్చిపెడుతుందని వైద్యశాస్త్రం ఏనాడో నిర్ధారించింది. అందుకే నేరుగా తినే వేరుశనగలో కిలోకు 4 మైక్రోగ్రాములకు మించి అఫ్లాటాక్సిన్లు ఉంటే యూరప్ ఒప్పుకోదు. ఎగుమతి సరుకు ప్రయోగశాల గడప దాటాకే ఓడ ఎక్కుతుంది. ఏరివేతలో పక్కన పడ్డ ముడుచుకుపోయిన గింజలతో ఊరుబిండి నూరుకునే కూలి ఇంటికి మాత్రం ఏ పరీక్షా లేదు. గానుగలో మిగిలిన చెక్క బర్రె తింటే, అదే విషం అఫ్లాటాక్సిన్ ఎం1గా మారి పాలలోకి వస్తుంది. ఆ పాలు తాగే పిల్లల గురించి అడిగే నాథుడు లేడు.

సరుకును పరీక్షించే మాస్ స్పెక్ట్రోమీటరే మనిషినీ పరీక్షించగలదు. షాంఘైలో 18,244 మంది మగవాళ్ల మూత్రం, రక్తం ముందుగానే సేకరించి దాచి, తర్వాత కాలేయ క్యాన్సర్ బారిన పడ్డవాళ్ల నమూనాలను మిగతావాళ్ల వాటితో పోల్చారు. మూత్రంలో అఫ్లాటాక్సిన్ ఆనవాళ్లున్నవాళ్లకు ముప్పు ఎక్కువని, హెపటైటిస్ బి కూడా తోడైతే అది ఎన్నో రెట్లు పెరుగుతుందని 1992లో తేల్చారు. మూడు దశాబ్దాలు దాటినా, వేరుశనగే ప్రాణంగా బతికే ఈ పల్లెల్లో అలాంటి పని చేయగల యువతను తయారుచేయాలని ఏ ప్రభుత్వానికీ తోచలేదు. ఇది నేరం.

ఆ యువత నేర్వాల్సింది, రక్తంలో, మూత్రంలో ఉండే వందలాది చిన్న అణువులను ఒకేసారి కొలిచి శరీరంలో జరుగుతున్నది పసిగట్టే శాస్త్రం, మెటబొలోమిక్స్. క్యాన్సర్ జీవక్రియను చదివే ప్రధాన సాధనాల్లో ఇప్పుడిదొకటి. కణితి గ్లూకోజును విపరీతంగా మింగి లాక్టేట్‌గా మారుస్తుందని 1920లలో ఒట్టో వార్‌బర్గ్ గుర్తించాడు. ఆ లాక్టేట్‌ను కొలవడానికి మే నెల ఎండలో శింగనమలలో తీసిన రక్తం గొట్టం, మంచు లేకుండా, బస్సులో అనంతపురం చేరిందనుకోండి. గొట్టంలోని ఎర్ర రక్తకణాలు దారి పొడవునా గ్లూకోజును కరిగిస్తూ లాక్టేట్‌ను పెంచుతూనే ఉంటాయి. ఆ పెరుగుదల రోగిదా, ప్రయాణానిదా? కోట్ల రూపాయల యంత్రం కూడా చెప్పలేదు. రక్తం తీసిన వెంటనే ప్లాస్మాను వేరుచేయడం, మైనస్ 80 డిగ్రీల్లో దాచడం, అన్ని నమూనాల నుంచీ కొంచెం కొంచెం తీసి కలిపిన మిశ్రమాన్ని మధ్యమధ్యలో యంత్రానికిచ్చి దాని నిలకడ చూసుకోవడం, రోగుల నమూనాలన్నీ ఒకరోజు, ఆరోగ్యవంతులవన్నీ మరోరోజు నడపకపోవడం... ఇవన్నీ చేతికి అబ్బాల్సిన పనులు. స్లైడ్లు చూస్తే రావు.

మన డిగ్రీ ప్రాక్టికల్స్ తీరు ఎవరికి తెలియదు? గ్రాఫు ముందే గీసి, దానికి సరిపోయే రీడింగులు వెనక రాసుకునే రికార్డులకు మార్కులు పడుతున్నాయి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించిన భాస్వరం కొలత పద్ధతి కూడా ఆ రికార్డుల్లో ఉంటుంది. ఆ కొలత చేతిలో ఉండబట్టే వాళ్లు కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఆపై ఏటీపీని పట్టుకోగలిగారు. తర్వాత లెడర్లీ మందుల కంపెనీలో సుబ్బారావు బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ ఫోలిక్ ఆమ్లం పనిని అడ్డుకునే మందు. దానితో లుకేమియా పిల్లలకు, తాత్కాలికంగానే అయినా, ఉపశమనం దొరికిందని సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించాడు. కణం జీవక్రియను దెబ్బతీసి క్యాన్సర్‌ను లొంగదీయవచ్చని లోకానికి చూపిన దారి అది. జయంతికి ఆయన పటానికి దండ వేసి, పిల్లల చేతికి పిపెట్టు మాత్రం ఇవ్వకపోవడం ఆయనకు చేస్తున్న అవమానం.

డబ్బు లేదనే సాకు చెల్లదు. శిలాఫలకాలకు, భవనాలకు నిధులు వస్తూనే ఉన్నాయి. రానిది యంత్రం నడిపే మనిషి జీతానికి, ద్రావకాలకు, నైట్రోజన్‌కు, కాలమ్‌లకు, ఏటేటా మరమ్మతు ఒప్పందానికి. రాష్ట్ర విభజన చట్టం హామీ ఇచ్చిన కేంద్రీయ విశ్వవిద్యాలయం శింగనమల నియోజకవర్గంలోనే, జంతలూరులో కొలువుదీరింది. జిల్లాలోని డిగ్రీ విద్యార్థులకు ఏటా వేసవిలో అక్కడ మెటబొలోమిక్స్ శిక్షణ పెట్టాలి. ఆ ఖర్చు కేంద్రం భరించాలి, పిల్లల బస్సు చార్జీతో సహా. శింగనమల ఆసుపత్రికి సెంట్రిఫ్యూజు, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజరు, కరెంటు పోతే ఆదుకునే జనరేటరు ఇవ్వడానికి రాష్ట్ర వైద్యారోగ్య శాఖ వచ్చే బడ్జెట్‌లోనే పద్దు చూపాలి. నమూనా ఇచ్చిన ప్రతి ఇంటికీ ఫలితం తెలుగులో అందాలి. విషం ఎక్కువగా కనబడ్డ ఊళ్లలో ఆ ఏటి గింజలను, చెక్కను, పాలను ప్రభుత్వమే ఉచితంగా పరీక్షించాలి.