పేగుల వ్యాధికి జన్యువులు దొరికాయి సరే.. మన పేషెంట్లకు పనికొస్తాయా?

తగ్గని కడుపునొప్పి, రక్త విరేచనాలు, రోజురోజుకూ తగ్గిపోయే బరువు.. ఇన్‌ఫ్లమేటరీ బవెల్ డిసీజ్, అంటే ఐబీడీ వచ్చినవాళ్ల బాధ ఇది. క్రాన్స్ డిసీజ్, అల్సరేటివ్ కొలైటిస్.. ఇందులో ప్రధానంగా రెండు రకాలు. పూర్తిగా నయం చేసే మందు ఇప్పటికీ లేదు. అందుకే దీని మూలాల కోసం శాస్త్రవేత్తలు జన్యువుల్లో వెతుకుతున్నారు.

తొలి ఆధారం 2001లో దొరికింది. 16వ క్రోమోజోమ్‌పై ఉన్న నాడ్2 జన్యువులో మార్పులుంటే క్రాన్స్ ముప్పు పెరుగుతుందని రెండు బృందాలు విడివిడిగా తేల్చాయి. పేగుల్లో బ్యాక్టీరియాను పసిగట్టడం ఈ జన్యువు పని. 2012 నాటికి ఐబీడీతో సంబంధమున్న జన్యు ప్రాంతాల లెక్క 163కి చేరింది. 2024 జూన్‌లో లండన్‌లోని ఫ్రాన్సిస్ క్రిక్ ఇన్‌స్టిట్యూట్ బృందం మరో అడుగు వేసింది. ఈటీఎస్2 అనే జన్యువు అతిగా పనిచేస్తే, మాక్రోఫేజ్‌లనే రోగనిరోధక కణాలు పేగుల్లో వాపును ఎగదోస్తున్నాయని గుర్తించింది. క్యాన్సర్‌కు వాడే మెక్ ఇన్‌హిబిటర్లు ల్యాబ్‌లో ఈ వాపును తగ్గించాయి. అయితే సైడ్ ఎఫెక్ట్స్ సమస్య ఉంది.

ఇంతకీ మన సంగతేంటి? చిక్కంతా ఇక్కడే. ఈ పరిశోధనల్లో ఎక్కువ భాగం యూరప్ మూలాలున్నవారి డీఎన్‌ఏపైనే జరిగాయి. అక్కడి క్రాన్స్ పేషెంట్లలో కనిపించే మూడు ప్రధాన నాడ్2 మార్పులు జపాన్, చైనా, కొరియాల్లో దాదాపు లేవు. భారతీయుల్లోనూ చాలా అరుదు. అంటే ఆ టెస్టులో ఏమీ లేదని వచ్చినా, జబ్బు రాదని ధీమాగా ఉండలేం.

పైగా అంతా జన్యువుల మీదే తోసేయలేం. ఒకేలాంటి కవలల్లో ఒకరికి క్రాన్స్ వచ్చినా, రెండోవారికి రాని సందర్భాలే ఎక్కువ. మన దేశంలో కొన్నేళ్లుగా కేసులు పెరుగుతున్నాయి. ఒక్క తరంలో జన్యువులు మారిపోవు కదా! మారింది తిండి, జీవనశైలి, పరిసరాలు.

అలాగని ఈ వెతుకులాట వృథా కాదు. 2006లో ఇంటర్‌ల్యూకిన్-23 రిసెప్టర్ జన్యువుకూ ఐబీడీకీ లింకు బయటపడింది. వాపును పెంచే ఆ మార్గాన్ని అడ్డుకునే మందులు తర్వాత వాడకంలోకి వచ్చాయి. వాటిని వాడాలంటే ఆ జన్యు మార్పు ఉండాల్సిన పనిలేదు. జన్యువు చూపించేది జాతకం కాదు.. మందు ఎక్కడ పనిచేయాలో చెప్పే అడ్రస్.

మన దగ్గర ఇంకో తలనొప్పి ఉంది. క్రాన్స్, పేగుల టీబీ లక్షణాలు ఒకేలా ఉంటాయి. ఏది ఏదో తేలక కొందరికి ముందు టీబీ మందులే నెలల తరబడి వాడి చూస్తారు. భారతీయ పేషెంట్ల డీఎన్‌ఏ డేటా పెరిగితేనే ఇక్కడి ముప్పు లెక్కలు తేలేది. అప్పటిదాకా వారాలు గడిచినా విరేచనాలు తగ్గకపోతే, రక్తం పడితే, సొంత వైద్యం మాని గ్యాస్ట్రోఎంటరాలజిస్టును కలవడమే మేలు.